కరిగిపోయిన గొలుసు

బందరులో రోల్డుగోల్డు నగలు చేసి అమ్మే ఆయనకి, ఆడిటరు గారి ఫ్యాను కింద కూర్చున్నా చెమట ఆగడం లేదు.

"ఈ బంగారం పూతకి వాడేశామని రాయించారు. బిల్లులో మాత్రం గొలుసని ఉందేంటండీ?"

"మా ఆవిడకి కొన్నానండీ. షాపు ఖర్చులో వేస్తే ట్యాక్స్ తగ్గుతుందని..."

"సొంతానికి కొన్నది షాపు ఖర్చెలా అవుతుంది? ఇప్పుడైనా నిజం చెప్పి సరిచేసుకోండి."

"కరిగిపోయిందన్న గొలుసుని ఎవరు చూడొచ్చారండీ?"

"తనిఖీవాళ్ళు చెప్పి రారు. ఎక్కడుందది?"

"ఆవిడ మెళ్ళోనే. షాపులో కూర్చుంది."

అంతలో ఫోను మోగింది. భార్య గొంతు హుషారుగా ఉంది.

"ఏవండీ, ఎవరో ఇద్దరొచ్చి నా గొలుసు గురించే అడుగుతున్నారు. అందరికీ చెప్పినట్టే, మన షాపు రోల్డుగోల్డేనని చెప్పాను. ఓసారి తీసివ్వమంటున్నారు. గీటురాయి వాళ్ళే తెచ్చుకున్నారు."