ఎడమ రెక్కలో ముంచిన కర్ర

గాల్లో ఉండగానే పెట్రోలు అయిపోయి చిన్న విమానం పొలంలో కూలింది. ఆస్పత్రి మంచం మీద పైలట్, రెండు కాళ్లకీ కట్లు. పక్కన స్టూలు మీద మెకానిక్, అతని బావమరిది.

“ఒట్టు బావా, ట్యాంకులో నేనే కర్ర ముంచి చూశాను. సగం దాకా తడిసింది.”

“రెండు ట్యాంకుల్లోనూ ముంచావా?”

“ఎడమ రెక్కలోదే చూశాను. కుడిదీ అంతే ఉంటుందిలే అనుకున్నా.”

“ఎడమ చక్రం గుంతలో దిగి ఉంది కదరా. ఉన్న పెట్రోలంతా అటే చేరింది.”

మెకానిక్ స్టూలు ముందుకు జరుపుకున్నాడు.

“అంటే, విమానం ఒరిగి ఉండటం నువ్వు ముందే చూశావా?”

“చూశాను.”

“మరి నువ్వూ ఓసారి కర్ర ముంచి చూసుకోవాల్సింది కదా బావా!”

“పోయినసారి అలా చూసుకున్నందుకేగా, నా మీద నమ్మకం లేదా అని మూడు నెలలు మా గడప తొక్కలేదు నువ్వు. మీ అక్క ఏడవని రోజు లేదు.”