పదకొండు గంటల స్నానం

“మీ అబ్బాయికి నా మీద ఎంత శ్రద్ధో అత్తయ్యా! పొయ్యి మీద పాలను కూడా నేనంతగా కాపలా కాయను.”

గుమ్మం దగ్గర కోడలు చెప్పులు తొడుక్కుంటోంది. ఇంటి ఫోను పక్కన కూర్చుని అత్తగారు బఠాణీలు ఒలుస్తోంది.

“పదకొండింటికి వాడు ఫోన్ చేసి నువ్వున్నావా అని అడుగుతాడు. ఇవాళేం చెప్పను?”

“కళ్ళజోళ్ళ దుకాణంలో ఉద్యోగానికి వెళ్ళిందని చెప్పండి.”

“అమ్మో! నెల్లాళ్ళుగా స్నానం చేస్తోందనే చెప్తున్నాను. నిన్న ‘రోజూ ఇదే వేళకా? ఏనుక్కి కూడా ఇంతసేపు పట్టదు’ అన్నాడు.”

“ఇంకా స్నానం చేయిస్తే అరిగిపోతాను. నిజం చెప్పేయండి.”

“ఇంట్లోకి రానివ్వడేమోనే!”

“గోడ దూకి వస్తాను. పని మాత్రం మానను. అయినా, పెళ్ళైన కొత్తలో ‘పెళ్ళాన్ని ఓ కంట కనిపెట్టు’ అని ఆయనకి నేర్పిందెవరు?”

ఫోను ఇవాళ ముందే మోగింది. అత్తగారు కోడల్ని వెళ్ళమని చేత్తో సైగ చేసి, రిసీవరు ఎత్తింది.

“స్నానం లేదు, ఏమీ లేదురా. ఉద్యోగానికి వెళ్ళింది. నెల్లాళ్ళుగా వెళ్తోంది... అరవకు. దాన్ని కనిపెట్టి ఉండమని నీకు చెప్పింది నేనే. తప్పు చెప్పానురా.”