ఎర్రగుడ్డ కట్టిన తలుపు ముందు

1994 జూన్ 13వ తేదీ, సోమవారం నాడు శ్రీమతి నేత్రావతి గారు ఆండర్సన్‌పేట దారిలోని మా జీవపదార్థ పరిశోధనాశాలలో సహాయ పరిశోధకురాలిగా విధుల్లో చేరారు. నాటినుంచి నేటి పదవీ విరమణ శుభదినం వరకు వారు చిరునవ్వుతో పలకరించిన సందర్భాలు స్వల్పమే అయినా, వారి మందలింపు రుచి చూడని ఉద్యోగి ఈ ప్రాంగణంలో లేడని సవినయంగా మనవి చేస్తున్నాను. స్టోర్స్ విభాగంలో పనిచేసే నాకు అందులో సింహభాగం దక్కింది.

గని కార్మికులైన శ్రీనివాసప్ప గారి కుమార్తెగా ఈ ఊళ్లోనే పుట్టి పెరిగి, జీవరసాయన శాస్త్రంలో ఉన్నత విద్యనభ్యసించిన నేత్రావతి గారు ఎంచుకున్న పరిశోధనాంశం కొల్లాజెన్. మన చర్మానికి, ఎముకకు, కండను ఎముకతో కలిపే స్నాయువుకు పటుత్వమిచ్చే ప్రోటీన్ అది. దానిని గొర్రె కాళ్ల స్నాయువుల నుంచి తీసేవారు కనుక, ప్రతి ఆదివారం మాంసం దుకాణం ముందు నిలబడే భాగ్యం నాకు ప్రాప్తించింది. “ఏమప్పా, వారం వారం కాళ్ల సూపేనా?” అని దుకాణం మునేష్ అడిగితే, పరిశోధన అని చెప్పే ధైర్యం లేక తలూపేవాణ్ని.

క్లిష్టమైన శాస్త్రాన్ని నావంటివారికి కూడా బోధపరచడం వారికి వెన్నతో పెట్టిన విద్య. ఒక్కొక్క కొల్లాజెన్ అణువు మూడు పోగులు పురిపెట్టిన దారం వంటిది. చల్లని, పుల్లని ద్రావణంలో ఆ అణువులు ఎవరికి వారే యమునా తీరే అన్నట్లు విడివిడిగా తిరుగుతుంటాయి. ఆ పులుపును విరిచి, ఒంటి వెచ్చదనం అందిస్తే వాటంతట అవే పక్కపక్కన చేరి, గోడలో ఇటుకల వలె ఒకదానికంటే ఒకటి కొంచెం జరిగి అమరి, సన్నని నారలుగా పెరుగుతాయి. మొదట కొంతసేపు ఏమీ జరగనట్లే ఉంటుంది. తరువాత ద్రావణం గంజిలా మసకబారి, చివరకు గడ్డపెరుగులా నిలుస్తుంది. ఆ మధ్యకాలంలో మాత్రం దానిని కదపకూడదు.

2001లో మన కోలారు బంగారు గనులు మూతపడ్డాయి. ఆ మరుసటి చలికాలంలో మా పరిశోధనాశాలకూ గండం వచ్చింది. కొల్లాజెన్ గట్టిపడటం కళ్లారా చూపితేనే విభాగాన్ని కొనసాగిస్తామని, లేనిచో మూసివేస్తామని నిపుణుల సంఘం తెలియజేసింది. గని మూతపడితే ఏమవుతుందో చూసిన ఇళ్లే మావన్నీ. అలాంటిది మరొకటి చూసే ఓపిక ఎవరికీ లేదు. సరిగ్గా అప్పుడే, గాజుగొట్టాల్లోని ద్రావణం గట్టిపడటం మానేసింది. నేత్రావతి గారు ఆమ్లం మార్చారు, లవణం మార్చారు, వేడి సరిచూశారు. ఫలితం శూన్యం.

ఒక మధ్యాహ్నం భోజనం మధ్యలో లేచి వచ్చిన వారికి, వెచ్చని పెట్టె తెరిచి గాజుకడ్డీతో ద్రావణాన్ని కలుపుతున్న నాటి సంచాలకులు హనుమప్ప గారు దొరికిపోయారు. ఆయన కామసముద్రం రైతుబిడ్డ. రాగిసంగటి కెలికి అలవాటు పడిన చెయ్యి.

“ఊరికే పెడితే ఉండలు కట్టేస్తాదని, దినానికొకసారి కెలుకుతా ఉండానమ్మా,” అన్నారాయన.

“సార్, ఇది సంగటి కాదు. కూడుకుంటా ఉన్నప్పుడు కెలికితే తెగిపోతాది. ఇంగ ముట్టుకోవద్దండి,” అన్నారు నేత్రావతి గారు.

సంచాలకులకు ముట్టుకోవద్దని చెప్పడం సులభమే. ఆయన ఆత్రాన్ని ఆపడం ఎవరి తరం? ఆ సాయంత్రం ఇంట్లో ఈ సంగతి విన్న తండ్రి శ్రీనివాసప్ప గారు, “గనిలో మందు పేల్చినాక మేము ఎర్రగుడ్డ కట్టేస్తాము. పొగ పోయేదాకా దొర వచ్చినా లోపలికి పోడు. నువ్వూ కట్టమ్మా,” అని తమ పాత గుడ్డనే ఇచ్చి పంపారు.

సంఘం వచ్చిన నాటి ఉదయం ప్రయోగశాల తలుపుకు ఆ ఎర్రగుడ్డ వేలాడుతోంది. వడివడిగా వచ్చిన హనుమప్ప గారు దానిని చూసి టక్కున ఆగారు. గనుల ఊళ్లో ఉన్నవాడెవడూ ఆ గుడ్డ దాటడు. నిపుణులకు ఈ కట్టుబాటు తెలియదు గనుక, ఆయనే తలుపుకు అడ్డంగా నిలబడి, “లోపల పని నడస్తా ఉండాది సార్, కాఫీ తాగుదురు రండి,” అని వారందరినీ వరండాలో కూర్చోబెట్టారు.

సమయం కాగానే నేత్రావతి గారు గుడ్డ విప్పి, ఒక గొట్టం తెచ్చి, సంఘాధ్యక్షుల తెల్లచొక్కాకు ఎగువన దానిని తలకిందులు చేశారు. చుక్క రాలలేదు. హనుమప్ప గారు మెట్ల మీద కూలబడి, “బతికినామమ్మా,” అన్నారు. నా గుండెల మీది కుంపటి కూడా అప్పుడే దిగింది.

అటుపిమ్మట 2008లో ముఖ్య శాస్త్రవేత్తగా, 2016లో విభాగాధిపతిగా పదోన్నతి పొందిన నేత్రావతి గారు, కోలారు జిల్లా నలుమూలల నుంచి వచ్చిన విద్యార్థులకు పరిశోధన నేర్పి, వారి తప్పులను ముఖాన చెప్పి, వారి విజయాలను మాత్రం వారు లేనప్పుడు మా దగ్గర మెచ్చుకుంటూ వచ్చారు. విద్యార్థులారా, ఈ రహస్యం ఇప్పటికైనా తెలుసుకోండి.

గత నెల మాకు పాత దిగులే మళ్లీ పట్టుకుంది. వారు లేకుండా ఈ పని నిలుస్తుందా? ఆ సందేహం మాకంటే వారికే ఎక్కువ. తమ స్థానంలోకి రానున్న శిష్యురాలు మాలకు ప్రయోగం మొత్తం అప్పగించి, ఎర్రగుడ్డ స్వయంగా తలుపుకు కట్టి, వరండాలో కూర్చున్నారు. వీడ్కోలు సభ ఏర్పాట్ల ముచ్చటకు వచ్చిన మన మాజీ సంచాలకులు హనుమప్ప గారు పక్క కుర్చీలో కునుకు తీస్తున్నారు. కాసేపటికి ఉండబట్టలేక నేత్రావతి గారు లేచి తలుపు వైపు కదిలారు.

“కూర్చోమ్మా. అది సంగటి కాదు,” అన్నారు హనుమప్ప గారు, కళ్లు తెరవకుండానే.

వారు కూర్చున్నారు. మాల బయటికి వచ్చి, తలుపుకున్న ఎర్రగుడ్డ విప్పి, తన గురువుగారి పట్టుచీరకు ఎగువనే గొట్టాన్ని తలకిందులు చేసింది. చుక్క రాలలేదు. నేత్రావతి గారు నోరారా నవ్వారు. మాకు కన్నీళ్లు వచ్చాయి, దాచడమెందుకు?

నేత్రావతి గారి కీళ్లలోని కొల్లాజెన్ కూడా వారి మాట జవదాటకుండా ఉండుగాక. కంటినిండా నిద్రతో, నొప్పి ఎరుగని నడకతో, భర్త నంజుండప్ప గారితోడి కబుర్లతో వారు నిండు నూరేళ్లు చల్లగా వర్ధిల్లాలని పరిశోధనాశాల కుటుంబం పక్షాన మనసారా కోరుకుంటున్నాను. అమ్మా, మీరెప్పుడు వచ్చినా వరండాలో మీ కుర్చీ, వేడి కాఫీ సిద్ధంగా ఉంటాయి. లోపలికి మాత్రం, ఎర్రగుడ్డ విప్పిన తరువాతే.

— శశికుమార్, స్టోర్స్ విభాగం