వంద పొరల డిస్కు

అందరూ భోజనాలకి వెళ్లిన వేళ. డిస్కులు తయారుచేసే ల్యాబ్‌లో ఇద్దరే మిగిలారు: పెద్ద ఇంజనీరు, పదకొండేళ్లుగా ఆయన చేతికింద పనిచేస్తున్న టెక్నీషియన్.

"...ఆ ఆసుపత్రి డిస్కు మళ్లీ పెట్టి చూడమ్మా. లెన్సు మీద దుమ్ముందేమో."

"మూడుసార్లు తుడిచాను సార్. మూడుసార్లూ పై పొర ఖాళీగానే వచ్చింది."

"వంద పొరల్లో ఒకటి పోతే కొంప మునగదులే."

"ఆ పొరలోనే మా వాడి తల స్కాన్లున్నాయి సార్. రేపే ఆపరేషన్. ఐదేళ్ల కిందటివి పక్కన పెట్టుకుంటేగానీ కత్తి పట్టనన్నారు డాక్టరుగారు."

"చూద్దాంలే, ఆయనతో నేను మాట్లాడతాను. ఈలోపు నువ్వు... ఎవరికైనా చెప్పావా?"

"ఇంకా లేదు. సార్, కింది పొర చదవాలంటే లేజరు పై పొరల్లోంచేగా దిగాలి?"

"దిగుతుంది. అయితే?"

"దిగినప్పుడల్లా పై పొరకి కాస్త వేడి తగులుతోంది. కాస్తే. నమూనా డిస్కుని మొత్తం చదివిస్తూ ఎన్నిసార్లో లెక్కపెట్టాను. నాలుగొందలోసారికి పై పొర తుడిచిపెట్టుకుపోయింది."

"దాచుకునే డిస్కుని నాలుగొందలసార్లు ఎవడు చదువుతాడమ్మా?"

"భద్రంగా ఉందో లేదో రోజూ పొద్దున్నే మొత్తం చదివి చూసుకోమని ఆసుపత్రికి రాసిచ్చింది మనమే. ఏడాదిన్నరైంది సార్."

"సరే. సరే. కంగారు పడకు. రాసేముందు కాపీ తీశాం కదా, నా బీరువాలో ఉంటుంది. సాయంత్రం నేనే వెతికి..."

"చూశాను సార్."

"తాళం?"

"స్టోరు ఆయన ఇచ్చాడు."

"నా బీరువా తీశావా? నన్నడక్కుండా?"

"పిల్లాడికి రేపే సార్. కాపీ లేదందులో."

"అయితే ఫిల్ములు... ఆ పాత ఫిల్ములేమైనా మిగిలాయేమో, ఆసుపత్రిలో..."

"డిస్కులోకి ఎక్కిన ఫిల్మును ఎక్కినట్టే ముక్కలు చెయ్యమన్నారు మీరు. ఒక్కటీ ఉంచొద్దన్నారు. మా వాడివి నా చేత్తోనే మెషిన్లో వేశాను. సంతోషంగా వేశాను సార్, ఇక నూరేళ్లు చెక్కుచెదరవని."

"నేను మాత్రం కలగన్నానా అమ్మా? మా ఆవిడ మీద ఒట్టు, ఇవాళ నువ్వు చెప్పేదాకా నాకు తెలీదు."

"ఆవిడ స్కాన్ ఫిల్ములన్నీ మీ బీరువాలోనే ఉన్నాయి సార్. ఒక్కటీ ముక్కలు చెయ్యలేదు."