యారాలింటి మన్ను

గా పెళ్ళలు ఎత్తెత్తి చూసుడెందుకు చంద్రయ్య మామా? మన్ను మన్నే గద. దూలం ఇరిగింది, మిద్దె కూలింది, మగ్గం మన్నుల కలిసింది. కండ్లముంగట కనవడ్తనే ఉన్నది. చేసినోడు ఉప్పరి గుర్వయ్య. మిరుగు కార్తె రాకముందు మిద్దెకు చౌడు పోసి పోయిండు, రెండు నెల్లు తిరగకముందే నా ఇల్లు గిట్లయింది. మాపటికి నలుగురు కూసున్నప్పుడు కులపెద్దగ నువ్వు గీ ఒక్క మాట చెప్తె అయిపాయె.

జర అరుగు మీదికి వచ్చి కూసో. తడి మన్నుల నిలబడకు, గోడలు గూడ నానినయ్. ఐదు దినాల ముసురాయె. ఇయ్యాలనే కొంచెం తెరిపిచ్చింది.

నిన్న మా ఇంటాయన ఎట్ల బతికిండో ఎర్కనా నీకు? మగ్గం గుంటల కూసొని నేస్తుండె. చుట్ట అంటిచ్చుకుందామని లేసి పొయ్యికాడికి వచ్చిండు. చుట్ట మూతిల పెట్టుకున్నడో లేదో, ఎనుక పెళపెళమన్నది. గా చుట్ట తాగకు తాగకు అని పదేండ్లసంది మొత్తుకుంటున్న నేను. ఇగ ఇప్పుడు ఏమనాలె చెప్పు?

సొసైటీకి ఇయ్యాల్సిన చీర సగంల ఉండె. పడుగంత తెగింది. ఆయన ఇందాకటి దాంక ఆ దారాలే ఏరుకుంట కూసున్నడు.

గుర్వయ్య మంచి పనోడే అంటున్నవా? అందరు అదే అంటరు. సాగర్ కట్టకాడ మట్టిపని చేసొచ్చినోడు, మిద్దె మీద నాలుగడుగులు ఏస్తె నీళ్ళు ఏడ దిగుతయో వాని కాళ్ళకే ఎర్కైతదంట. అవ్, కావచ్చు. మరి నా మిద్దె ఎందుకు కూలింది? నా యారాలు ఆండాళు మిద్దె ఎందుకు కూలలే? రెండు ఒక్క చేతి పనే. ఒక్క బండిల వచ్చిన చౌడే.

గీ మాటకు జవాబు నువ్వు గూడ చెప్పాలె మామా. ఎందుకంటే గీ ఇల్లు పంచింది నువ్వే. మా మామ పోయినంక అన్నదమ్ములకు నడుమ గోడ పెట్టిచ్చి ఇటు సగం అటు సగం చేసినవ్. పెద్దోల్లు ముందుగాల కోరుకోండ్రి అన్నవ్. మా ఇంటాయన నా మొకం చూసిండు. తూర్పు దిక్కుది జర పెద్దగున్నది, మగ్గం గుంట గూడ ఈడనే ఉన్నది, ఇదే మాకు అన్న. నోరార నేనే కోరుకున్న. మిగిలింది మా మరిదికి, ఆండాళుకు వచ్చింది. అదేమో నవ్వుకుంట చీపురు తీస్కొని తన సగం ఊడ్సుకుంది.

అప్పటిసంది చూడు, పదకొండేండ్లాయె. నా సగం ఏటేటా ఉరుస్తది. దాని సగంల సుక్క పడది. వాన పడ్డదంటే నేను గిన్నెలు, గురుగులు, తలెలు అన్ని నేలమీద పరుస్త. ఒకటి నిండంగనే ఒకటి పారబోస్త. అది గోడ అవుతల పొడి నేలమీద కాళ్ళు చాపుకొని చీర నూలు ఆసు పోసుకుంటది.

కండ్లమంట అంటవా? అనుకో. నీకు యారాలు లేదు గద.

ఇల్లొక్కటే ఐతే ఎట్లనో పడుందును. నిరుడు ముసుర్ల మా అత్త మంచం మీద ధార పడ్డది. ముసలామె తడిసి వణుకుతుంటే ఆండాళు వచ్చి చెయ్యి పట్టుకొని తీస్కపోయింది. వాన ఎలిసినంక మల్ల వస్తది అనుకున్న. దసరా పాయె, కాముని పున్నం పాయె, ఉగాది పాయె. ఆమె రాలే. మంచం గూడ అటే పాయె. నేను పెద్దకోడలిని మామా. పదెనిమిదేండ్లు నా చేతి గట్క తిన్న మనిషి. ఏదన్న కావాలంటే "ఉప్పలమ్మా" అని నన్నే పిలుస్తుండె. ఇప్పుడు గోడ అవుతల "ఆండాళూ" అని పిలుస్తుంటే నాకు ఇనవడ్తది. చేస్తున్న పని ఆగిపోతది.

ఒకనాడు నేనే పోయి అడిగిన, ఇంటికి రాయే అత్తా అని. ఏమన్నదో ఎర్కనా? "నీ తప్పేం లేదు బిడ్డా. ఈ దిక్కు ముందుగాల కట్టింది, మీ మామ దగ్గరుండి తొక్కిచ్చిన మన్ను. దాంట్ల సత్తువున్నది. మీ దిక్కు ఎన్కసిరి కలిపింది" అన్నది. నేను చేసిన చాకిరి కాదట, ఆండాళు చేసే చాకిరి గూడ కాదట. మన్నట.

సరే, గుర్వయ్య సంగతే చెప్త, నువ్వు తొందరవడకు. వాన్ని ముందుగాల పిలిచింది ఆండాళే. ఎండకాలం వచ్చి దాని మిద్దె చూస్తుంటే గోడ ఇవుతలికెల్లి ఇన్న. నాకు నిలువలే. మల్లనాడు పొద్దుగాల్నే ఉప్పరోల్ల గుడిసెల కాడికి పోయిన. ముందుగాల నా మిద్దె చెయ్యి, ఎనుక ఆమెది చెయ్యి అన్న. చిన్నక్కకు మాటిచ్చిన, ముందు ఆమెదే అన్నడు. వాని పెండ్లాం యాదమ్మ పీట ఏసి మంచినీళ్ళిచ్చింది. అప్పుడే కడుపుతోని ఉన్నది, ఇప్పుడు నెలలు నిండినయ్. ఆ నీళ్ళు నాకు చేదైనయ్. వాళ్ళు ఏం పాపం చేసిండ్రు, కాని ఏడికి పోయినా ఆండాళు ముందు, నేను ఎనుక.

చౌడు సంగతి నీకు నేను చెప్పాల్నా? చెరువు శికంల తెల్లగ ఉప్పు తేలే మన్ను. మిద్దెమీద పరిచి దిమ్మిసకొడ్తె వాననీళ్ళను కిందికి దిగనియ్యది. గుర్వయ్య ముందు ఆండాళు మిద్దె ఎక్కి పాత మన్నంత గీకి కిందికి దించిండు. ఇది ఉప్పు పోయి సచ్చిన మన్ను, ఇగ పనికి రాదు అన్నడు. బండి దొరికినప్పుడు ఎత్తుతమని గోడపక్కన కుప్ప పోసిండు. దాని మిద్దెకు కొత్త చౌడు పోసినంక నాది పట్టిండు. నాది గూడ గట్లనే గీకిండు, నాలుగు వేళ్ళ మందం కొత్తది పోసిండు. ఆండాళుకు గంతే పోసినవ్ గద, నాకు జానెడు పొయ్యి అన్న. పొయ్యలే.

"దూలం ముసల్ది పెద్దక్కా" అన్నడు. "నాలుగు వేళ్ళే మోస్తది. దీనిమీద ఇంకింత ఏసినవంటే నాది పూచి కాదు."

అన్నడు మామా. అన్నమాట నిజమే.

ఏంది? ఆ పెళ్ళల ఏమున్నది? గడ్డి ఏర్లా? వానకాలం గడ్డి మొలవదా ఏంది మిద్దెల మీద, ఊరంత మొలుస్తది. కొత్త చౌడుల మొలవది అంటవా. అవ్, ఉప్పుకు మొలవది. నాకూ ఎర్కనే. కింద తెల్లమన్ను, దానిమీద నల్లమన్ను, దాంట్ల ఏర్లు. చూస్తనే ఉన్న. నువ్వు ముసలోనివైతివి గని నీ కండ్లు ముసలియి కాలేదు.

పారేయ్ దాన్ని. చెప్త.

గా కుప్పను దినాం చూసిన నేను. పొద్దుగాల వాకిలి ఊడుస్తుంటే కనవడ్తది, నీళ్ళకు పోతుంటే కనవడ్తది. అత్త అన్న మాట చెవులల్ల తిరుగుతనే ఉన్నది. దాని ఇంటి సత్తువంత గీడ గోడపక్కన పడున్నది, రేపో మాపో బండోడు ఎత్తుకపోయి ఏ వాగుల్నో పారబోస్తడు అనుకున్న. గుర్వయ్య సచ్చిన మన్ను అన్నడు గద అంటవు. అన్నడు. నాకు గుర్వయ్య మాటకంటే అత్త మాట పెద్దదనిపిచ్చింది. పొరుగింటి పుల్లగూర రుచి అంటరు, నాకు పొరుగింటి మన్ను గూడ రుచైంది.

ఆండాళును అడిగిన. వాకిట్ల గుంత పూడ్చుకుంట, ఆ మన్ను తీస్కపోనా అని. తీస్కపో అక్కా, దానికి అడుగుడేంది అన్నది. మొదటి తట్ట నా నెత్తికి ఎత్తింది గూడ అదే.

మిరుగు ముందటి ఎండలు, కాళ్ళు కాలుతున్నయ్. మా ఇంటాయన నూలుకు, సొసైటీకి అని తిరిగిన మూడు దినాలు చూసుకొని నిచ్చెన ఎక్కి మోసిన. నేనే పరిచిన, నేనే తొక్కిన. నడుము పడిపోయింది. అయినా ఎంత సంబురమైందో ఏం చెప్పాలె. ఈ ఏడు నా ఇంట్ల సుక్క పడది, అత్తను చెయ్యి పట్టి తీస్కొస్త, మంచం నేనే మోస్కొస్త అనుకున్న.

వానలు ఎన్కవడ్డయ్ గద ఈసారి. ముసురు ఇప్పుడు పట్టింది. మొదటి దినం సుక్క పడలే. రెండో దినం, మూడో దినం పడలే. గిన్నెలన్ని ఉట్టిమీదనే ఉన్నయ్. నాలుగో దినం అత్తతానికి ఉరికిన. ఒకసారి వచ్చి నా ఇల్లు చూడే అన్న. ముసలామె నవ్వింది. రేపు పొద్దుగాల వస్త బిడ్డా, మంచం గూడ తెప్పిచ్చుకో అన్నది. జాగా ఊడ్చి అలికిపెట్టిన. నువ్వు ఇందాక నిలబడ్డవు చూడు, గదే జాగా.

ఆ మన్ను నీళ్ళను జారనియ్యలే మామా. నాలుగు దినాలు తాగి పొట్టల పెట్టుకున్నది. అత్త ఇంక అటు గడప దాటలే, ఇటు దూలం ఇరిగింది. జర ముందుగాల లేస్తె ముసలామె దానికింద ఉంటుండె.

అందరు ఉరికొచ్చిండ్రు. ఎవ్వడు చేసిండు గీ మిద్దె అని అడిగిండ్రు. నా నోట్లకెల్లి గుర్వయ్య పేరు వచ్చింది. అనుకొని అనలే. కాని అన్నంక మల్ల తీస్కోలే గూడ. నిన్నటిసంది వాడు పార పక్కన పెట్టి కూసున్నడంట, పక్క గల్లీల మొదలు పెట్టిన పని గూడ ఆపుమన్నరంట. మాపటికి తప్పు వానిదే అని నువ్వంటే మన వాడల ఎవ్వరు వాన్ని పిలువరు. నిండు నెలల యాదమ్మను తీస్కొని మల్ల సాగర్ కట్టకు పోవుడే. గిదంత నాకు తెల్వదనుకున్నవా?

ఏర్లు దొరక్కపోతే చెప్తుంటివా అంటే, చెప్పకపోదునేమో. అబద్ధం ఎందుకు.

ఇంకొకటున్నది. పొద్దుగాల ఆండాళును అడిగినవ్ గద, నీకేమన్న ఎర్కనా అని. నాకేం ఎర్కలేదు మామా అన్నది గద నీతోని. దానికి అంత ఎర్కనే. నేను మన్ను మోసిన మూడో దినం అది తన మిద్దెమీద మిరపకాయలు ఎండవోసుకుంట నన్ను చూసింది. "అక్కా, బరువైతదేమో" అన్నది. నీ ఇల్లు నువ్వు చూస్కో పో అన్న. తల వంచుకొని దిగిపోయింది. అంత తెలిసి నిన్న అంతమందిల నోరిప్పలే. ఇయ్యాల నీకు గూడ చెప్పలే. గుర్వయ్య సంగతి ఏం ఆలోచన చేసిందో గని, నా పరువు మాత్రం దాసింది.

గదే నాకు ఓర్సుకొస్తలేదు మామా. వచ్చి నీకు చాడి చెప్తె జుట్టు పట్టుకొని కొట్లాడుదును. పానం సల్లబడుతుండె. ఇప్పుడు దేనికని కొట్లాడాలె? ఇల్లు దానిదే మంచిదాయె, అత్త దాని దిక్కే ఆయె. కడాకు తప్పు నాదైతే అండ్ల గూడ మంచిది అదే ఆయె.

మాపటికి నువ్వేం చెప్పకు. నేనే నిలబడ్త. మన్ను నేను మోసిన, గుర్వయ్య తప్పు గింజంత లేదు అని నలుగుట్ల నేనే చెప్త. మా ఇంటాయన ముంగటనే చెప్త. నవ్వెటోల్లు నవ్వనీ, తిట్టెటోల్లు తిట్టనీ.

నిన్ను ఒక్కటే అడుగుతున్న. ఆండాళు చూసిందన్న ముచ్చట, చూసి గూడ చెప్పలేదన్న ముచ్చట ఏడ ఎత్తకు. మా అత్త చెవుల అసలే పడనియ్యకు. ఉప్పలమ్మ గిసొంటిది అని వాడంత అన్నా పడ్త నేను. ఆండాళు ఎంత మంచిదో అని ఒక్కరన్నా మాత్రం, నాతోని ఇనుడు కాదు మామా.