దీపాల చాప

వద్దు బాబూ, ఆ నవ్వు నా దగ్గర వద్దు. మీ కంపెనీవాళ్లు రెండు నెలల కిందట చాప పరిచి పోయారు, ఇప్పుడు నువ్వొచ్చి "ఎలా ఉంది మేడమ్?" అంటావా? కూర్చో. ఆ బుల్లి కుర్చీలోనే, ఇక్కడ అన్నీ అవే!

ఇరవై రెండేళ్లుగా నర్సరీ పిల్లలకి గెంతడం, బంతి పట్టడం, కత్తెర పట్టుకోవడం నేర్పుతున్నాను. ఇక మీ దీపాల చాప నాకు నేర్పుతుందట! దీపం వెలిగిన చోటికి పిల్ల గెంతాలి, ఏ కాలు ఎంత బరువు మోపిందో గోడ మీద టీవీ చెబుతుంది. ఆహా! నాకు కళ్లు లేవా?

ఏంటి, పిల్లలకి నచ్చిందా అనా? నచ్చకేం! చెప్పులు విప్పేలోపే తోసుకున్నారు. మా బొద్దుపిల్ల ఒక్కతే వెనక నిలబడింది.

నాలుగేళ్లది. మెట్లెక్కమంటే గోడ పట్టుకునేది, గెంతమంటే కూలబడేది. "బద్ధకం" అనేదాన్ని. ఏడాది పొడుగునా అదే మాట. రిపోర్టు కార్డులోనూ రాశాను. అది చదివి వాళ్లమ్మ రెండు తగిలించిందట.

మొదటి రోజే మీ టీవీలో దాని ఎడమ కాలు ఎర్రగా వెలిగింది. మిషను పిచ్చిదన్నాను. మిగతావాళ్లని గెంతించాను, అందరికీ పచ్చే. మళ్లీ దాన్ని నిలబెట్టాను. ఎరుపు.

అప్పుడేం చేశానా? చాప చుట్టేసి బీరువాలో పడేశాను. పాడైందని హెడ్మాస్టరుకి చెప్పాను. మూడు వారాలు! అలా చూడకు.

మనసొప్పక ఒకరోజు ఆ పిల్లని బల్లమీద కూర్చోబెట్టి, పాదాలు చేతుల్లోకి తీసుకుని "నన్ను తన్నవే" అన్నాను. కుడికాలు గట్టిగానే తన్నింది. ఎడమది... వణికిందంతే. "ఇది నా మాట వినదు టీచర్" అంది. మరి చెప్పలేదేమే అంటే, "మీరు బద్ధకం అన్నారుగా" అంది.

డాక్టరుకి చూపిస్తే, కండరం బలహీనమట. కాలికి పట్టీ వేశారు. ఏడాది ముందే తీసుకొస్తే ఎంతో తేలికయ్యేదన్నాడు డాక్టరు.

ఇప్పుడు రోజూ మీ చాపమీదే గెంతిస్తున్నాను. మొన్న ఒక్కసారి పచ్చ వెలిగితే కేకలు పెట్టి నా మెడకి వేలాడింది. నీ ఎదుట ఈ మాట చెప్పాలంటే ఒళ్లు మండిపోతోంది నాకు!

నిన్న వాళ్లమ్మ వచ్చి అడిగింది, "ముందే తెలియలేదా టీచర్?" అని.

ఏం చెప్పానో తెలుసా? "ఏం చేయనమ్మా, మిషను ఇప్పుడేగా వచ్చింది" అన్నాను.

ఆవిడ నా చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకుంది. నేను వెనక్కి లాక్కోలేదు.