మంట చాలలేదని తానే చెప్పిన జడ్సన్ గారు

1988 జూన్ ఆరో తేదీ సోమవారం ఉదయం బిట్రగుంట సెక్షనులో గ్యాంగుమన్‌గా సంతకం చేసి, పారా సుత్తీ అందుకున్న శ్రీ పల్లిపాటి జడ్సన్ గారు ఈ మే నెల ముప్పై ఒకటిన సీనియర్ వెల్డరుగా పదవీ విరమణ చేస్తున్నారు. ముప్పై ఏడేళ్ళకు ఆరు రోజులు తక్కువ. ఈ కాలంలో ఆయన చేతి మీదుగా కుదిరిన పట్టాల అతుకులు ఎనిమిది వేలకు పైన. వాటిలో చెడినవి పద్నాలుగు. ఆ పద్నాలుగులో ఒకటి మాత్రం ఆయన నోరు తెరిచి చెప్పబట్టే చెడిందని లోకానికి తెలిసింది. ఈ వ్యాసంలో ఎక్కువ చోటు ఆ ఒక్క అతుకుదే.

ఇందుకూరుపేట మండలంలో కౌలు సేద్యం చేసే దావీదు గారికి మూడో సంతానంగా పుట్టిన జడ్సన్ గారు పదో తరగతి పూర్తి చేసి, అయిదేళ్ళు పొలం పనులు చూసుకున్న తరువాత రైల్వేలో చేరారు. ఆ రోజుల్లో మన వైపు చాలా చోట్ల పట్టాలను ఒకదానికొకటి ఇనుప బద్దలతో, నాలుగేసి బోల్టులతో బిగించేవారు. సముద్రపు గాలికి ఆ బోల్టులు తుప్పు పట్టి, విప్పబోతే రాక, వదిలేస్తే ఆగక నానా తిప్పలు పెట్టేవి. చలికాలం వస్తే ప్రతి అతుకూ విప్పి, తుప్పు గీకి, గ్రీజు పూసి మళ్ళీ బిగించాలి. గ్యాంగు మేస్త్రీ వెంకయ్య గారు కొత్తవాడని చూడకుండా ఆయనకు తుప్పు ఎక్కువగా ఉన్న వంపునే అప్పగించారు.

"చదువుకున్నోడివి గదా, బోల్టు మీద సుత్తితో తట్టి ఇను. బిగువుందో లేదో అదే చెప్పద్ది" అని వెంకయ్య గారు అంటే, "ఏమని చెప్పద్ది మేస్త్రీ?" అని జడ్సన్ గారు అడిగారట. "అది నీతో మాట్లాడే దాకా కొడతానే ఉండు" అన్నారట వెంకయ్య గారు. ఎనిమిదేళ్ళు కొడుతూనే ఉన్నారు. ఆ ఎనిమిదేళ్ళలో ఆయనకు వినికిడి పదును పెరిగింది, అరచేతుల్లో చర్మం మందమైంది. ఆ రెండూ తరువాతి పనికి పెట్టుబడిగా పనికొచ్చాయి.

1996లో వెల్డింగు శిక్షణకు ఎంపికై, పరీక్ష నెగ్గి, అతుకులు వేయడానికి అనుమతి ఇచ్చే వెల్డరు కార్డుతో తిరిగి వచ్చారు. కుటుంబ సభ్యులు కూడా ఈ సంచికను చదువుతారు గనుక ఆ పని ఏమిటో నాలుగు మాటల్లో చెప్పడం అవసరం. రెండు పట్టాల కొనల మధ్య సుమారు రెండు వేళ్ళ సందు ఉంచి, కొనలను రవ్వంత పైకి లేపి నిలబెడతారు. అతుకు చల్లారేటప్పుడు కుంగుతుంది గనుక ఆ కుంగుబాటును ముందే లెక్కలో వేసుకోవాలి. సందు చుట్టూ ఇసుక అచ్చు బిగించి, అచ్చునూ పట్టా కొనలనూ మంటతో ఎర్రగా కాలుస్తారు. పైనున్న మూసలో ఇనుప పొడి కలిసిన మందు వెలిగిస్తే అందులోని ఇనుము కరిగి, అచ్చులోకి దిగి, రెండు కొనలనూ తనలో కలుపుకుంటుంది. కొనలు చాలినంత కాలకపోతే కరిగిన ఇనుము పట్టాను అంటుకుని ఉన్నట్టే కనబడుతుంది గాని లోపల కలవదు. ఇదంతా బ్లాకులోనే, అంటే బండ్లు ఆపి మనకు ఇచ్చిన గంటో గంటన్నరో వేళలోనే ముగియాలి. అతుకు పక్కన పట్టా మీద నెల, సంవత్సరం, వెల్డరు నంబరు తెల్లరంగుతో రాస్తారు. ఆ అతుకు ఎన్నేళ్ళకు చెడినా ఆ నంబరు మనిషిని పిలుస్తారు.

ఇక 2007 డిసెంబరు సంగతి.

సముద్రపు గాలి నేరుగా తగిలే ఒక వంపులో ఆ ఉదయం మూడు అతుకులు వేయవలసి ఉంది. రెండు చక్కగా కుదిరాయి. మూడోదానికి మంట పెట్టేసరికి గాలి తిరిగింది. మంట ఒక పక్కకే వాలుతోంది. జడ్సన్ గారు గడియారం చూశారు. బ్లాకు ముగియడానికి ఇంకా వేళ ఉంది, ఎవరూ తొందర పెట్టలేదు, ఇంకో పది నిమిషాలు అడిగి ఉంటే ఇచ్చేవారే. అయినా పదకొండేళ్ళలో బ్లాకు దాటని మనిషి గనుక ఆ రోజూ దాటకూడదని మనసులో పడింది. పది నిమిషాలు కాల్చవలసిన అచ్చును ఎనిమిది నిమిషాలు కూడా కాల్చకుండానే మందు వెలిగించారు. ఇనుము బాగానే దిగింది. అతుకు పైకి నిగనిగలాడింది. వారం తరువాత, లోపలి లోపాలు చూపే మిషనుతో పరీక్ష చేసిన వారు మూడింటినీ పాస్ చేసి వెళ్ళారు.

వాళ్ళు వెళ్ళిన దగ్గర నుంచీ జడ్సన్ గారు అన్నం సగంలో లేచిపోతున్నారు. శ్రీమతి రెబెక్కమ్మ గారు మూడు రోజులు చూసి నాలుగో రోజు అడిగారు.

"ఏమయ్యా, కూరలో ఉప్పెక్కువైందా, ఉజ్జోగంలో ఉప్పెక్కువైందా?"

జడ్సన్ గారు చెప్పారు. అంతా విని ఆమె, "పాసైందని వాళ్ళే అంటుండారు గదా. వాళ్ళకు లేని దిగులు నీకేంది?" అన్నారు.

"వాళ్ళు మిషను చూసినారు. మంట చూసినోణ్ణి నేనే."

"చెప్తే ఏమవద్ది?"

ఏమవుతుందో ఆయనకు బాగా తెలుసు. ఆ ఆగస్టులోనే ఆయన వేసిన అతుకు ఒకటి పరీక్షలో చెడింది. కార్డు మీద అప్పటికే ఒక మచ్చ ఉంది. అదే ఏడాదిలో రెండోది పడితే కార్డు వెనక్కి పోతుంది. నలభై రెండేళ్ళ వయసులో, వెల్డరుగా పేరు తెచ్చుకున్నాక, తిరిగి గ్యాంగులోకి వెళ్ళి కంకర ఎత్తాలి. చెప్పకపోతే ఆ అతుకు రెండేళ్ళు నిలవవచ్చు, పదేళ్ళు నిలవవచ్చు. గట్టి చలి పడిన ఏదో ఒక తెల్లవారుజామున, పట్టా ముడుచుకునే వేళ, తెగనూవచ్చు. ఒక పక్క తన కార్డు ఖాయంగా పోవడం, ఇంకో పక్క ఎప్పుడో ఎవరో తెలియని మనుషులకు కీడు జరగవచ్చునన్న అనుమానం. ఖాయమైన నష్టాన్ని అనుమానంతో తూచడం ఎంత కష్టమో బేరసారాలు తెలిసిన వారికి వేరే చెప్పనక్కరలేదు.

"కార్డు పోద్ది. గ్యాంగులోకి పోవాల. సుత్తి పట్టేది నేనేం మరిచిపోలేదులే" అన్నారు జడ్సన్ గారు.

"నువ్వు మరిచిపోలేదు, నీ నడుము మరిచిపోయుంటది" అన్నారు రెబెక్కమ్మ గారు. తరువాత కంచం ఆయన ముందుకు జరిపి, "తిని, పొయ్యి చెప్పిరా. నువ్వు సగం వొదిలేసే కూర రోజూ కోళ్ళకేసేదానికి నాకు వోపిక లేదు" అన్నారు.

అప్పటి జూనియర్ ఇంజనీరు శ్రీ కిషోర్ బాబు గారు ఉద్యోగంలో చేరి మూడేళ్ళయింది. జడ్సన్ గారంటే ఆయనకు గురి. విషయం వినగానే చేతిలోని కాగితం పక్కన పెట్టారు.

"జడ్సన్ అన్నా, మిషను పాస్ చేసిన దాన్ని కొయ్యమంటే పైవాళ్ళకు ఏమని రాసేది నేను?"

"మంట చాలలేదని రాయండి సార్."

"ఎవరు చూసినారు?"

"నేనే చూసినాను. కాల్చేటప్పుడు చూడాల్సింది అచ్చు రంగు. నేను గడియారం చూస్తా ఉండిపోయినాను."

"కోసినాక లోపల బాగానే ఉంటే? ఊరికే బ్లాకు దండగ, మనిద్దరికీ చీవాట్లు."

"బాగుంటే చీవాట్లు తింటాను సార్. బాగలేనిదాన్ని అట్నే వొదిలేస్తే తగిలేది మనుషుల ఉసురు గదా."

కిషోర్ బాబు గారు పక్కన పెట్టిన కాగితం మళ్ళీ ముందుకు లాక్కున్నారట. రాయబోతూ, "రెండోది నీ నంబరు మీదనే పడద్ది అన్నా. ఆపడం నా చేతిలో లేదు" అన్నారు.

"నంబరు నాదే గదా సార్" అన్నారు జడ్సన్ గారు.

ఆ మధ్యాహ్నమే అతుకుకు రెండు పక్కలా ఇనుప బద్దలు వేసి బిగించి, బండ్లను నెమ్మదిగా పంపారు. తరువాతి బ్లాకులో దాన్ని కోసి తీశారు. ఆ ముక్కను విరిచి చూస్తే, పట్టా అడుగు భాగంలో, మిషను చూపు సరిగా అందని చోట, చింతపిక్కంత మేర ఇనుము ఇనుముతో కలవలేదు. నల్లగా, ఎవరో వేలు పెట్టి చూపించినట్టుగా ఉంది. జడ్సన్ గారు ఆ ముక్కను పక్కన పెట్టి, "కొత్తది ఎవరేస్తారు?" అని అడిగారు.

కార్డు పోయింది గనుక ఆయన వేయడానికి లేదు. ఆయన దగ్గర నాలుగేళ్ళుగా రెండో వెల్డరుగా ఉన్న శ్రీ సుధాకర్ గారు, తన ఎదుట పెద్ద దిక్కు లేకుండా వేసిన మొదటి అతుకు అదే. జడ్సన్ గారు ఇరవై అడుగుల అవతల, గ్యాంగుతో కలిసి కంకర సర్దుతున్నారు. వెంకయ్య మేస్త్రీ గారు అప్పటికి విరమణకు దగ్గరగా ఉన్నారు. "ఏం వెల్డరు గారూ, పార బరువుగా ఉండాదా? కావాలంటే చిన్నది తెప్పిస్తా" అని ఆటపట్టిస్తే, "పార తేలికే మేస్త్రీ, మీ మాటే బరువు" అన్నారట జడ్సన్ గారు. గ్యాంగంతా నవ్వింది. ఆ నవ్వుతో అందరికీ ఊపిరాడింది.

మంట పెట్టాక సుధాకర్ గారు గడియారం చూశారు. నిర్ణయించిన నిమిషాలు అయిపోయాయి. మందు వెలిగించబోతూ, ఎందుకో తల తిప్పి ఇటు చూశారు. జడ్సన్ గారు పార ఆపి నిలబడి ఉన్నారు. అడుగు ముందుకు వేయలేదు, చెయ్యి పెట్టలేదు.

"గడియారం చెప్పేది తక్కువలో తక్కువ. మిగతాది అచ్చు చెప్పద్ది" అన్నారు.

"ఇంకా చాలదంటావా అన్నా?"

"నన్ను అడగబాక. దాన్ని చూడు."

సుధాకర్ గారు చూశారు. ఇంకో నిమిషమున్నర ఆగారు. బ్లాకు నాలుగు నిమిషాలు దాటింది. అందుకు ఒక వివరణ రాయవలసి వచ్చింది, రాశారు. ఆ అతుకు ఇవాళ్టికీ ఆ వంపులో బండ్లు మోస్తోంది.

తరువాత పదకొండు నెలలు జడ్సన్ గారు గ్యాంగులోనే పని చేశారు. ఎండలో కంకర ఎత్తారు, వానలో లైను నడిచారు. ఒక్క రోజు సెలవు అడిగి ఇంట కూర్చోలేదు. 2008 డిసెంబరులో మళ్ళీ శిక్షణకు పంపితే, తన కంటే ఇరవై ఏళ్ళు చిన్నవారి పక్కన బెంచీ మీద కూర్చుని, పరీక్ష రాసి, కార్డు తిరిగి తెచ్చుకున్నారు. సర్వీసు పుస్తకంలో ఆ పదకొండు నెలలు తరుగు కిందనే కనబడతాయి. పుస్తకం రాసేవారి పద్ధతి అది, దాన్ని తప్పుపట్టలేం. కానీ ఆ పదకొండు నెలల నుంచి మన సెక్షనుకు వచ్చిన రాబడి ఏమిటో కూడా ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి గనుక ఇక్కడ రాస్తున్నాం.

తిరిగి వచ్చిన మొదటి రోజు నుంచి ఆయన ఒక అలవాటు పెట్టారు. అతుకు పూర్తయి సామాను సర్దుకునే ముందు, అక్కడున్న ప్రతి మనిషినీ, మంట పట్టినవారినీ ఇసుక పూసినవారినీ కూడా, "మనసుకు పట్టిందా?" అని అడుగుతారు. ఒక్కరు "పట్టలేదు" అన్నా సరే, ఎందుకని నిలదీయరు, ఎవరు చేశారని వెతకరు. ఆ అతుకుకు బద్దలు వేసి, తేలేదాకా తీయరు. పదహారేళ్ళలో ఆ మాట ముప్పై ఒక్కసారి వినబడింది. కోసి చూస్తే ఇరవై ఏడు అతుకులు బాగానే ఉన్నాయి. నాలుగు బాగలేవు. ఇరవై ఏడు సార్లు శ్రమ దండగైందని మొదట్లో గొణిగినవారు ఉన్నారు. నాలుగు అనే అంకెను వారి ముందు పెట్టాక ఆ గొణుగుడు ఆగిపోయింది. ఈ అలవాటు ఇప్పుడు మన వెల్డింగు జట్లన్నిటిలోనూ ఉంది. ఏ కాగితం మీదా లేదు.

గత పదేళ్ళలో ఆయన దగ్గర పని నేర్చి కార్డు తెచ్చుకున్నవారు తొమ్మిది మంది. వారిలో శ్రీమతి అనూష గారు మన సెక్షనులో మొదటి మహిళా వెల్డరు. సుధాకర్ గారు ఇప్పుడు జడ్సన్ గారి స్థానంలోకి వస్తున్నారు. కాలనీ చర్చిలో డీకనుగా, ఇరుగుపొరుగు తగవుల్లో మధ్యవర్తిగా, కుమార్తె ఎవాంజెలిన్‌ను టీచరు చేసిన తండ్రిగా జడ్సన్ గారు చేసినవి వేరే ఉన్నాయి. అవి చెప్పవలసినవారు ఈ సంచికలోనే చెప్పారు.

ఒకసారి కార్డును ఆయన దగ్గర నుంచి తీసుకున్నారు. ఈ శనివారం ఆయనే స్వయంగా ఇచ్చేస్తారు.

రెబెక్కమ్మ గారికి జడ్సన్ గారి మీద ఒక ఫిర్యాదు ఉంది. బండి ఎక్కితే ఆయన మాట్లాడరట, పడుకోరట, నెల్లూరు వచ్చేదాకా చెవులు చక్రాల దగ్గర పెట్టి కూర్చుంటారట. "పక్కనున్న నా మాట ఇనబడదు గానీ కింద పట్టా మాట ఇనబడద్ది" అంటారామె. ఈ సంచిక ద్వారా ఆమె పక్షాన మనమందరం జడ్సన్ గారికి చేసుకునే మనవి ఒక్కటే. ఆ వినే పని ఇక మాది. మీరు నిండు ఆరోగ్యంతో నూరేళ్ళు వర్ధిల్లాలి. రెబెక్కమ్మ గారితో, పిల్లలతో మనసుకు నచ్చిన ఊళ్ళన్నీ తిరగాలి. బండి బిట్రగుంట దాటకముందే కిటికీ పక్కన తల వాల్చి, దిగవలసిన ఊరు వచ్చిందని ఆమె తట్టి లేపేదాకా హాయిగా నిద్రపోవాలి.